బండ పక్కన ఒంటి చెప్పు

మొన్న ఆఫీసులో కూర్చుని, కొనేవాళ్లకు పంపాల్సిన ఫోటోలు చూస్తున్నాను. నల్లరాయి పలక ఒకటి, అద్దంలా పాలిష్ తేలింది. ఆ పలక నడిమధ్యన మా కొత్త సూపర్‌వైజరు ముఖం. రెండు చేతులతో ఫోన్ ఎత్తి పట్టుకుని, నాలుక కొసను పళ్ల మధ్య బిగించి, మహా శ్రద్ధగా నిలబడి ఉన్నాడు. ఆయన వెనకాల క్రేను, క్రేను పక్కన ఆరేసిన ఎవరిదో లుంగీ. రాయి తప్ప అన్నీ కనబడుతున్నాయి.

"ఇదేంది? రాయిని అమ్ముతున్నమా, నిన్ను అమ్ముతున్నమా?" అని అడిగాను.

"క్రాప్ చేస్తే అయిపాయె సార్," అన్నాడు.

నడుమ ఉన్న ముఖాన్ని ఎటునుంచి క్రాప్ చేస్తాడో నాకు అర్థం కాలేదు. అడగలేదు కూడా. ఈ మధ్య నాకు అడిగే ఓపిక తగ్గిపోయింది. గోడ మేకుకు వేలాడుతున్న నల్ల గొంగడి చూపించి, అది కప్పుకుని తియ్యమన్నాను. "ఈ ఎండలనా? దాంట్ల సస్త సార్," అని నవ్వి వెళ్లిపోయాడు.

ఆ గొంగడి పటేల్‌ది. ఆయన పోయి ఏడాది కావస్తోంది. దాన్ని మేకు మీంచి తీసినవాళ్లు లేరు, దులిపినవాళ్లూ లేరు. రాతి దుమ్ము పట్టి నల్లది కాస్తా బూడిదరంగుకు వచ్చింది.

మాది పటాన్‌చెరులో రాళ్లు కోసే యార్డు. గనుల నుంచి వచ్చిన దిమ్మెల్ని పలకలుగా కోసి, పాలిష్ పట్టి, ఇనుప చట్రాలకు ఆనించి వరసగా నిలబెడతారు. కొనేవాళ్లు ఎక్కడెక్కడో ఉంటారు. వాళ్లు రాయిని చూడరు, ఫోటో చూస్తారు. ఫోటోలు పంపడం, వాళ్లు పెట్టే వంకలు వినడం నా ఉద్యోగం. ఆ ఫోటోలు తీయడం పటేల్ పని. మా ఒక్క యార్డే కాదు. దారి పొడుగునా ఉన్న రాతి యార్డులకు రాళ్లు, గోదాములకు ఇనుప ప్లేట్లు, టింబర్ డిపోలకు కోసిన చెక్క పలకలు, అన్నీ ఆయనే తీసేవాడు. బల్లపరుపుగా ఉండి, కదలకుండా పడి ఉండే వస్తువు ఏదైనా సరే ఆయన్ని పిలిచేవాళ్లు.

ఆయనకు పేరు లేకపోలేదు. కానీ యార్డులో ఎవరూ పేరు పెట్టి పిలవలేదు, నేనూ పిలవలేదు. ఇంద్రేశం ఊరి ఆసామి, ఒకప్పుడు భూమి ఉన్నవాడు, కాబట్టి పటేల్. మా ఇంటివాళ్లది సంగారెడ్డి బజారులో కిరాణా దుకాణం, కాబట్టి ఆయనకు నేను సేటు. దుకాణంలో కూర్చునేది మా అన్న, నేను నెలజీతగాణ్ణి. ఆయనేమో భూమి లేని పటేల్. ఒకరినొకరం అలా పిలుచుకోవడంలో ఇద్దరికీ కాస్త ఎకసెక్కం ఉండేది, కాస్త ఓదార్పూ ఉండేది.

పాలిష్ రాయి ముందు ఎవరు నిలబడినా అందులో పడతారు. అందుకని ఆయన తల నుంచి పాదాల దాకా గొంగడి కప్పుకుని, కెమెరా కన్ను ఒక్కటే బయటికి పెట్టి తీసేవాడు. రాయి నలుపులో గొంగడి నలుపు కలిసిపోయేది. వేసవిలో మా రేకుల షెడ్డు కింద మామూలు చొక్కాతో నిలబడలేం. ఆయన ఉన్ని గొంగడిలోంచి నీళ్లలో ముంచి తీసినట్టు బయటికొచ్చేవాడు. పాలిష్ మిషన్ల దగ్గర పనిచేసే ఒడిశా, బిహారు పిల్లలు "భాలూ ఆయా, భాలూ!" అని అరిచేవాళ్లు. ఆయన గొంగడిలోంచే ఎలుగుబంటిలా గుర్రుమని, మళ్లీ పనిలో పడేవాడు.

తీయబోయే ముందు అరచేతి వెనకవైపుతో రాయిని ముట్టేవాడు, పిల్లలకు జ్వరం ఉందేమో చూసినట్టు. ఎందుకని ఒకసారి అడిగాను.

"ఏం లేదు. ముట్టకుండ ఎట్ల తీస్త?" అన్నాడు.

తీయడం అయ్యాక దాన్నే రెండు తట్లు తట్టి "పండుకో ఇగ" అనేవాడు. రాయికీ అంతే, ఇనుప ప్లేటుకూ అంతే. ఆయన నోట నేను ఎక్కువసార్లు విన్న మాట అదే. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత, సాయంత్రం ఇంటికి పోయేముందు కంప్యూటరు కట్టేస్తూ నేనూ మనసులో ఆ మాటే అనుకునేవాణ్ణి.

వయసులో ఉన్నప్పుడు ఆయన సంగారెడ్డిలో బామ్మర్ది స్టూడియోలో పెళ్లిళ్ల ఫోటోలు తీశాడట. ఎందుకు మానేశావంటే చెప్పిన జవాబు ఇది: "జనాలను నవ్వుండ్రి, నవ్వుండ్రి అని బతిలాడి బతిలాడి నా దవడలు గుంజినయి సేటు. పెండ్లి వాళ్లది, నవ్వుడు నాది. రాయితోటి ఆ లొల్లి లేదు. నవ్వమంటే నవ్వదు, ఏడ్వమంటే ఏడ్వదు."

ఇనుప గోదాము యజమానికి ఆయనంటే పరేషాన్. ప్లేట్ల మీద నూనె పూత ఉంటుంది, ఎండ పడితే ఫోటో అంతా తెల్లటి మెరుపే. పటేల్ మబ్బు కోసం కూర్చునేవాడు. యజమాని గోదాములోంచి ఫోన్ మీద ఫోన్, జల్దీ జల్దీ అని. ఈయన ప్లేట్ల దొంతర మీద గొంగడి పరుచుకుని, ఆకాశం వంక చూస్తూ, "నాకు చెప్తే ఏం లాభం, మబ్బుకు చెప్పు" అనేవాడు. టింబర్ డిపోలో మాత్రం హాయిగా ఉండేవాడు. అక్కడ గొంగడి అక్కర్లేదు, మబ్బూ అక్కర్లేదు. పని ముగిశాక అరచేతులు వాసన చూసుకుంటూ వచ్చేవాడు.

ఇదంతా ఆయన కూలికి తీసిన ఫోటోల సంగతి. తన కోసం ఆయన వేరే ఫోటోలు తీస్తాడని నాకు జిన్నారం పోయిన రోజున తెలిసింది.

జిన్నారం దగ్గర ఒక మందుల కంపెనీ వాళ్లు మా దగ్గర కొన్న రాళ్లు పరిచాక రంగు కలవలేదని గొడవ పెట్టారు. ఫోటోలు తీయించుకు రమ్మని మా యజమాని మా ఇద్దరినీ పంపాడు. పటేల్ స్కూటరు, వెనక నేను. ఇస్నాపూర్‌లో కార్మికులు అద్దెకుండే గదుల సందు ముందుకు రాగానే ఉన్నట్టుండి బ్రేకు వేశాడు. నా ముక్కు వెళ్లి ఆయన వీపుకు కొట్టుకుంది. అక్కడ ఒక చాయ్ డబ్బా కొట్టు, దాని ముందు మురుగు మోరీ, మోరీ మీద అడ్డంగా పాత బండ. బండ మీద ఇద్దరు పనివాళ్లు కూర్చుని చాయ్ తాగుతున్నారు.

"థోడా ఉఠో భయ్యా, జెర లేవుండ్రి," అని వాళ్లను లేపాడు. వాళ్లు గ్లాసులు పట్టుకుని బిత్తరపోయి నిలబడ్డారు. ఈయన మోకాళ్ల మీద కూర్చుని బండ అంచు పొడుగునా వేళ్లతో తడిమాడు. తర్వాత లేచి, ఎడమకాలి చెప్పు విడిచి, దాన్ని చేత్తో తీసి బండ పక్కన సరిగ్గా పెట్టి, ఫోన్‌తో ఫోటో తీశాడు. ఒక కాలికి చెప్పు, రెండో కాలు మోరీ పక్కన బురదలో.

చాయ్ డబ్బా ఆమె గంటె పట్టుకునే బయటికొచ్చింది. "ఏంది, మీరెవరు? నా డబ్బ తీపిస్తరా ఏంది?"

"అయ్యో, కాదక్కా. బండ మంచిగున్నదని తీసిన."

"బండ మంచిగుండుడేంది?"

నిజమే, నాకూ అదే అనుమానం. నా సంచిలో టేపు ఉంది. కొలత తెలియాలంటే టేపు పెట్టొచ్చు కదా, చెప్పెందుకని అడిగాను.

"యార్డు రాళ్లకు టేపు. ఇది ఆమెకు చూపియ్యాలె. ఆమెకు ఫీట్లు, ఇంచులు తెల్వయి. నా చెప్పు తెలుసు."

"మరి ఆ చెప్పేదో బండ మీదనే పెట్టొచ్చుగదా? బురదల నిలవడకుంట?"

ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "ఒకవేళ ఇది మాదే అయితే? ఆమె దాని మీద అన్నం తిన్నది సేటు."

ఆమె అంటే ఆయన భార్య. ఆ డబ్బా దగ్గరే చాయ్ తాగుతూ చెప్పాడు. ఇంద్రేశంలో అన్నదమ్ములందరికీ కలిపి బావి ఉన్న పొలం ఉండేది. లేఅవుట్ల వాళ్లు వచ్చారు, అన్నదమ్ములు అమ్ముదామన్నారు. ఈయన ఒక్కడు వద్దంటే ఆగే బేరం కాదు.

"మా ఇల్లు పెద్దదే సేటు, మనుషులు అంతకంటె ఎక్కువ. మా అమ్మ, వదినెలు, పిల్లగాండ్లు. ఆమె కొత్తగ వచ్చినప్పుడు కూసుందామంటె జాగ లేకుండె. ఏడ కూసున్నా ఎవలో ఒకలు లేపుతుండ్రి. ఇది తేపో, అది తేపో అని. పొలం పోతే బాయికాడి బండ మీద కూసునేది. ఆడనే సద్ది తినేది, ఆడనే కొడవలి నూరుకునేది. ఆ బండ మీదినుంచి ఆమెను ఎవ్వలు లేపలే."

ఆయన చాయ్ ఊదుకుని తాగాడు. లేపిన పనివాళ్లు ఇంకా నిలబడే ఉన్నారని అప్పుడు చూసి, "బైఠో భయ్యా, బైఠో" అని చేత్తో సైగ చేశాడు.

"పొలం అమ్ముడు ఖాయమైనప్పుడు అందరు ఏమేమో అడిగిండ్రు. ఈమె ఒక్కటే అడిగింది, ఆ బండ ఇంటికి తెమ్మన్నది. తెస్త అన్న. ఎంత పని అది? రేపు తెస్త, ఎల్లుండి తెస్త అనుకున్న. ట్రాక్టరు మాట్లాడుకుని పోయేసరికి బాయి లేదు. పూడ్చి చదును చేసిండ్రు. బండలన్ని టిప్పర్ల ఏసుకపోయిండ్రంట. ఏడికి అంటె ఎవ్వనికి ఎరుక లేదు. జేసీబీ వచ్చిననాడు నేనేడున్ననో తెలుసా? మీ యార్డుల. గొంగడి కప్పుకొని మీ బండలు తీస్తున్న."

ఆయన గొంతులో ఏడుపు లేదు. మామూలుగా, రోజూ చెప్పే సంగతిలా చెప్పాడు. 

అప్పటినుంచీ వెతుకుతున్నాడు. లేఅవుట్లలోంచి లేచిన బండలు ఎక్కడికో అక్కడికి చేరతాయి. మోరీల మీదికి, గదుల ముందు బట్టలు ఉతుక్కునే చోటికి, దుకాణాల మెట్ల కిందికి. పని మీద ఎటుపోయినా కనబడిన ప్రతి పాత బండ దగ్గరా ఆగడం, చెప్పు పెట్టడం, ఫోటో తీయడం. గుర్తులు రెండే. ఒక అంచున కొడవలి నూరిన గాడి. మోటారు దించుతుంటే జారిపడి పగిలిన మూల.

"పటేలా, కొడవలి గాడి లేని బాయిబండ ఈ చుట్టుపక్కల ఒక్కటన్నా ఉంటదా?" అన్నాను.

"ఉండదు. అందుకే అన్నీ చూడాలె," అన్నాడు.

ఆ సాయంత్రం నన్ను ఇంద్రేశంలో వాళ్లింటికి తీసుకుపోయాడు. అన్నదమ్ముల వాటాలో వచ్చిన ప్లాటులో కట్టుకున్న చిన్న ఇల్లు. ఆమె సన్నగా, పొడుగ్గా, నిటారుగా ఉంటుంది. చెంబుతో నీళ్లు తెచ్చి ఇస్తే ఆయన బురద కాలు ఒక్కటే కడుక్కుని లోపలికి అడుగు పెట్టాడు.

"రెండోది పస్తుండాల్నా?" అని ఎగతాళి చేశాను.

"అది చెప్పులనే ఉండె గదా," అన్నాడు చాలా న్యాయంగా.

ఆమె ఫోన్ తీసుకుని చేయి చాచి దూరంగా పట్టుకుని చూసింది. అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "కాదు," అంది.

"మంచిగ చూడు."

"చూసిన. కాదు." ఫోన్ ఇచ్చేసి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ మాటలో కోపం లేదు, నిష్ఠూరం లేదు. అదే కష్టంగా తోచింది నాకు. కోపం ఉంటే ఆయన కూడా రెండు మాటలు అని తేలికపడేవాడు.

ఫోటోలో తేలని బండలు కొన్ని ఉండేవి. "ఏమో, మన బండ లెక్కనే కొడ్తాంది" అని ఆమె అన్నదంటే ఆయనకు నిద్ర పట్టదు. ఆ బండను ఇంటికి తేవాల్సిందే. ఊరికే ఎవరిస్తారు? దానికి నేను ఒక ఉపాయం చెప్పాను. మూలలు విరిగిన పాలిష్ పలకలు మా యార్డులో కొల్లలుగా పడి ఉంటాయి, పారేయడానికి మనుషుల్ని వెతకాల్సి వస్తుంది. పటేల్ మా యజమానిని అడిగి వాటిని ట్రాలీ ఆటోలో వేసుకుపోయి, మోరీ మీద పాత బండ తీసుకుని మెరిసే పలక వేసి వచ్చేవాడు. జనం సంతోషంగా ఒప్పుకునేవాళ్లు. గరుకు బండ పోయి గ్రానైటు వస్తుంటే ఎవరు వద్దంటారు?

అలా ఇస్నాపూర్ సందుల్లో మోరీల మీద, పెద్ద హోటళ్లలో పరిచే నల్లరాయి వెలిసింది. వానాకాలం వచ్చేదాకా అందరూ బాగున్నారు. మొదటి జల్లుకే చాయ్ డబ్బా ఆమె ఫోన్ చేసింది. "పాలోడు జారిపడ్డడు, క్యానెడు పాలు మోరీపాలు. నీ అద్దం బండ నువ్వే తీస్కపో." పటేల్ ఉలి, సుత్తి పట్టుకుని పోయి, దాన్ని తెచ్చి ఇచ్చిన పాపానికి గరుకుగా చెక్కి వచ్చాడు. పాలిష్ పట్టడానికి మా యార్డు పిల్లలు పడిన పాట్లన్నీ చాయ్ చల్లారేలోపు పోయాయి. నేను కడుపుబ్బ నవ్వాను. నవ్వొద్దని ఆయన తిట్టాడు, తిడుతూ ఆయనా నవ్వాడు.

ఇంటికి తెచ్చిన మొదటి బండ మీద ఆమె కూర్చుంది. కాసేపు కూర్చుని లేచింది. "ఇది కాదు," అంది.

"ఎట్ల చెప్తవ్? గాడి ఉన్నది, మూల పలిగింది."

"కూసుంటె నిమ్మలం లేదు."

 ఆ బండ గోడకు చేరింది. తర్వాత తెచ్చినదీ గోడకే చేరింది. ఆ లేఅవుటులో కొత్తగా ఇళ్లు కట్టుకుంటున్నవాళ్లు గేటు దగ్గర ఆగి "అంకుల్, రేటు ఎంత?" అని అడిగేవాళ్లు. ఆయన విసుక్కోకుండా "అమ్ముడు లేదు బాబూ" అని చెప్పి పంపేవాడు. ఆమె మాత్రం తెమ్మన్న మాట వెనక్కి తీసుకోలేదు. ఇక చాలు అని కూడా అనలేదు. నాకు ఒక్కోసారి ఆమె మీద కోపం వచ్చేది. ఒక్క బండ కోసం మనిషిని ఇంత తిప్పడమేంది అని. ఆ కోపాన్ని ఆయన ముందు ఒకసారి బయటపెట్టాను.

"ఆమె తిప్పుతలేదు సేటు. నేనే తిరుగుతున్న. బతుకంతా ఆమె అడిగింది గదొక్కటే. రేపు తెస్త అన్నోన్ని నేను," అన్నాడు. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

తర్వాత ఆయనకు ఆయాసం మొదలైంది. మా దుమ్మా, ఆయన బీడీలా, వయసా, సంగారెడ్డి డాక్టరు తేల్చలేదు. దుమ్ములోకి పోవద్దు, తిరగొద్దు అన్నాడు. రెండూ మానితే పటేల్ పటేల్ కాడు. పనికి వచ్చేవాడు. గొంగడిలోంచి దగ్గు వినిపించేది. పిల్లలు భాలూ అనడం మానేశారు, బకెట్టుతో నీళ్లు వాళ్లే మోసి రాళ్లు కడిగిపెట్టేవాళ్లు.

ఆ రోజుల్లోనే జిన్నారం అవతల ఒక గోదాము వెనక, పనివాళ్లు బట్టలు ఉతుక్కునే చోట, ఒక బండ దొరికింది. నన్ను రమ్మని ఫోన్ చేశాడు. ట్రాలీ ఆటోలో పలక తీసుకుపోయాను. అక్కడి పనివాళ్లు నలుగురూ పట్టి ఎక్కించారు, ఇంద్రేశంలో ఇంటి ముందు దించడానికీ వచ్చారు. ఆయన ఒక చేయి వేయబోయి వేయలేక, గోడకు ఆనుకుని కూలబడ్డాడు. నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. మెడ నరాలు తేలి కనబడుతున్నాయి.

ఆమె వచ్చి బండ మీద కూర్చుంది. వేళ్లతో గాడి తడిమింది. పగిలిన మూల తడిమింది. చాలాసేపు కూర్చుంది. తర్వాత తలెత్తి ఆయన్ని చూసింది.

"ఇదే," అంది.

"ఇదేనా?"

"ఇదే అంటున్న గద. దొరికింది, ఇగ తిరుగకు."

ఆయన మెల్లగా జరిగి వచ్చి, అరచేతి వెనకవైపుతో బండను ముట్టి, రెండు తట్లు తట్టి, "పండుకో ఇగ" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మర్నాడు యార్డులో అందరికీ చాయ్ పోయించి, "దొరికింది, మా బండ దొరికింది" అని మిషన్ మిషన్ దగ్గరికీ పోయి చెప్పాడు. ఒడిశా పిల్లలకు అది ఏ బండో, ఎందుకు దొరకాలో తెలియదు. అయినా చప్పట్లు కొట్టారు.

కొన్నాళ్లకు టింబర్ డిపోలో పని ముగించుకుని వస్తున్నాం. అప్పటికి స్కూటరు నేనే నడుపుతున్నాను, ఆయన వెనక కూర్చునేవాడు. ఇస్నాపూర్ దాటుతుంటే భుజం మీద తట్టాడు. "ఆపు సేటు." కిరాయి గదుల ముందు కొత్తగా వేసిన పాత బండ. ఆయన దిగి, ఎడమ చెప్పు విడిచి, పక్కన పెట్టి, ఫోన్ తీశాడు. తీసి, మోకాలి మీద చేయి ఆనించి వంగి, చాలాసేపు ఊపిరి కోసం ఆగాడు.

"ఇంకేంది పటేలా? దొరికింది గదా," అన్నాను.

"అలవాటు సేటు. చెయ్యికి అలవాటైంది, ఊకుంట లేదు."

స్కూటరు ఎక్కాక మళ్లీ అన్నాడు. "ఇంట్ల చెప్పకు."

డాక్టరు తిరగొద్దన్నాడు కాబట్టి, ఇంట్లో తిడతారని అంటున్నాడేమో అనుకున్నాను. సరే అన్నాను. కాస్త దూరం పోయాక నా వీపు వెనక నుంచి, నాతో కాకుండా తనలో తాను అనుకున్నట్టు, "అలిసిపోయిన" అన్నాడు. ఆ తర్వాత కూడా భుజం మీద తట్టడం మానలేదు. నేను ఆపడమూ మానలేదు.

వానాకాలంలో పోయాడు. దినాలకు వెళ్లాను. చుట్టాలూ వంటలూ హడావుడి, ఆమె ఆడవాళ్ల మధ్య ఎక్కడో ఉంది. పలకరించడం కుదరలేదు. తర్వాత పోదాం పోదాం అనుకుంటూనే రోజులు గడిచిపోయాయి.

సూపర్‌వైజరు ముఖం ఉన్న ఆ ఫోటో చూశాక, మేకు మీంచి గొంగడి తీసి, ఆరుబయట దులిపి, నిన్న ఆదివారం ఇంద్రేశం పోయాను. ఆమె ఇంటి ముందు ఆ బండ మీద కూర్చుని అన్నం తింటోంది. నన్ను చూసి లేవబోయింది. లేవొద్దమ్మా అన్నాను.

"తిన్నవా సేటు?"

"తినొచ్చిన." గొంగడి ఆమె పక్కన పెట్టాను. "యార్డులనే ఉండిపోయింది. మీ ఇంటి వస్తువు, తెద్దామని వచ్చిన."

ఆమె చేయి కడుక్కుని, తుడుచుకుని, గొంగడి ఒళ్లోకి తీసుకుంది. "ఎండల గిది కప్పుకునేటోడా?"

"రాయి అద్దం లెక్కుంటది గదమ్మా. ఫోటోల మనిషి కనవడొద్దని."

ఆమె గొంగడి అంచు సవరిస్తూ కూర్చుంది. "బండ చూడు, మంచిగ చూడు అని పోరు పెట్టేటోడు. నేను బండ కంటె ముందుగాల చెప్పునే చూస్తుంటి. ఇయ్యాల ఏడికి పోయిండు, ఏ మట్టిల నిలవడ్డడు అని. ఫోటోలల్ల మనిషి ఉండకపోయినా చెప్పుండె."

నేను గోడకు చేరేసిన బండల వంక చూస్తూ కూర్చున్నాను.

"ఇది మాది కాదు సేటు," అంది.

"ఏది?"

"ఈ బండ." అరచేత్తో పక్కన తట్టింది. "కూసున్న గడియలనే తెలిసింది. మా బండకు గాడి నా కుడిచేతి దిక్కుంటది. దీనికి ఎడమ దిక్కున్నది, ఎవలో ఎడమచేతిది నూరుకున్నది. కాదు అందామని తలెత్తి చూస్తే, ఆడ గోడకు ఆనుకొని రొప్పుతున్నడు. కాదంటే ఇంకోదాని కోసం పోతడు. ఈసారి పోతే తిరిగొస్తడో రాడో. ఇగ ఇదే అన్న."

ఇస్నాపూర్‌లో నా భుజం మీద పడిన ఆయన చేయి అప్పుడు గుర్తొచ్చింది. ఇంట్ల చెప్పకు అన్న మాట గుర్తొచ్చింది. ఆమె అబద్ధం చెప్పిందని ఆయనకు తెలుసు. తెలిసే యార్డంతా తిరిగి దొరికింది, దొరికింది అని చాయ్ పోయించాడు. తెలిసే, చేతకాని ఒంటితో, దొంగచాటుగా అసలుదాని కోసం తిరిగాడు. ఇదంతా నా నోటిదాకా వచ్చింది. ఇన్నాళ్లకు ఆమె కుదుటపడి ఆ బండ మీద అన్నం తింటోంది. ఆమె మిగుల్చుకున్న ఒక్క నిమ్మళాన్ని నేనెందుకు చెడగొట్టాలి?

"మంచి పని చేసినవమ్మా. ఆయనైతే నమ్మిండు. అందరికి చెప్పుకున్నడు, మస్తు కుషీ అయిండు. నిమ్మలంగ పోయిండు," అన్నాను.

ఆమె నా వంక జాలిగా చూసింది.

"నమ్మలే సేటు. నేను ఇదే అన్నంక గూడ తిరిగిండు."

"ఎవలు చెప్పిండ్రమ్మా?"

"ఎవలు చెప్పాలె? పొద్దుమూకంగ ఇంటికొచ్చి గీ బండ మీదనే నిలవడేటోడు. నేనే చెంబుతోటి నీళ్లు పోస్తుంటి. ఆఖరిదాక ఒక్క కాలే కడుక్కున్నడు."